వరి గట్టు మీద జియోఫెన్స్: పంట నమోదు యాప్ కేస్ స్టడీ

నాట్లు పడ్డాక వరి మడిలోకి ఊరికే ఎవరూ దిగరు. పంట నమోదుకు వచ్చిన గ్రామ వ్యవసాయ సహాయకుడైనా, వెంట వచ్చిన రైతైనా నిలబడేది గట్టు మీదే. ఆ గట్టుకు ఇటు సర్వే నంబరు 112/2బి, అటు 113/1. ఫోన్‌లో నీలం చుక్క ఓసారి ఇటు పడుతుంది, ఓసారి అటు. అటు పడినప్పుడల్లా యాప్ "మీరు ఎంచుకున్న కమతంలో లేరు" అంటుంది, ఫొటో బటన్ పనిచేయదు. మనిషి పొలం దగ్గరే ఉన్నాడు, పంట కళ్ల ముందే ఉంది, నమోదు మాత్రం కాదు.

ఇలాంటప్పుడు అందరి నోటా వచ్చే మాట "జీపీఎస్ సరిగా లేదు". చాలాసార్లు తప్పు జీపీఎస్‌ది కాదు. నక్షాది, ఆ నక్షాను గట్టు సంగతి పట్టించుకోకుండా వాడిన యాప్‌ది. ఫోన్ పొరపాటు వేరు, నక్షా పొరపాటు వేరు. ఫోన్ ఏ హద్దు లోపల ఉంటే యాప్ నమోదుకు ఒప్పుకుంటుందో ఆ కనిపించని కంచే జియోఫెన్స్. రెండు పొరపాట్లనూ విడదీయకుండా ఆ కంచె బిగించినా, వదులు చేసినా లాభం లేదు. కంచె మరీ బిగిస్తే మనుషులు యాప్ ఒప్పుకునే చోటికి జరిగి నిలబడి ఫొటో తీస్తారు. అప్పుడు రికార్డు పచ్చగా కనిపిస్తుంది, అందులో ఉన్నది మాత్రం వేరే పొలం.

ఆంధ్రప్రదేశ్‌లో ఈ-పంట నమోదుకైనా, కేంద్రం చేపట్టిన డిజిటల్ క్రాప్ సర్వేకైనా మూలం ఒక్కటే: నమోదు చేసే మనిషి పొలం దగ్గరకు వెళ్లాలి, అక్కడి నుంచే వివరం ఎక్కించాలి. 2024 జులై కేంద్ర బడ్జెట్ ప్రసంగంలో ఆ ఖరీఫ్‌కు 400 జిల్లాల్లో ఈ సర్వే చేపడతామన్నారు. అదే ఏడాది సెప్టెంబరు 2న 2,817 కోట్ల రూపాయల డిజిటల్ వ్యవసాయ మిషన్‌కు కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. ధాన్యం అమ్ముకోవడానికి, బీమాకు, పెట్టుబడి రాయితీకి ఇలాంటి నమోదే ఆధారమవుతున్నప్పుడు పక్క కమతంలో పడిన చుక్క చిన్న విషయం కాదు. కౌలు రైతు పేరు మీద పాస్‌బుక్ ఉండదు. ఆ పంట తాను వేసిందేనని చూపించుకోవడానికి అతనికి ఈ నమోదు ఎంతో అవసరం.

ఇక్కడ చెప్పేది ఏ ఒక్క శాఖ యాప్ గురించీ కాదు, ఆ కోవలో తయారయ్యే యాప్‌లో జియోఫెన్స్‌ను ఎలా కట్టాలన్న దాని గురించి. లెక్కల కోసం డెల్టాలో ఒక వరి గ్రామాన్ని తీసుకుందాం: 10 చదరపు కిలోమీటర్లు, సుమారు 1,500 కమతాలు, చిన్నది 10 సెంట్లు, పెద్దది మూడు నాలుగు ఎకరాలు.

ఆండ్రాయిడ్ ఇచ్చే జియోఫెన్స్ ఇక్కడికి పనికిరాదు

ఆండ్రాయిడ్‌లో జియోఫెన్సింగ్ కోసం సిద్ధంగా ఒక సౌకర్యం ఉంది కదా అని చాలామంది దానితోనే మొదలుపెడతారు. అది గీసేది వృత్తం. ఒక ఫోన్‌లో ఒక యాప్‌కు 100 వృత్తాలకు మించి ఇవ్వదు. వ్యాసార్థం కనీసం 100 నుంచి 150 మీటర్లు ఉంచమని గూగులే చెబుతుంది. 100 మీటర్ల వ్యాసార్థం అంటే దాదాపు ఏడు ముప్పావు ఎకరాలు. దుకాణం దగ్గరకొచ్చిన మనిషికి కూపన్ పంపడానికి అది చాలు. 10 సెంట్ల మడికి కుదరదు.

కాబట్టి కమతాల హద్దులను ఫోన్‌లోనే పెట్టుకుని, చుక్క ఏ హద్దులో పడిందో, పడకపోతే ఆ హద్దుకు ఎన్ని మీటర్ల దూరంలో ఉందో యాప్ సొంతంగా లెక్కకట్టాలి. 1,500 కమతాలకు ఈ లెక్క ఫోన్‌కు భారం కాదు. ముందు ప్రతి కమతం చుట్టూ ఉండే దీర్ఘచతురస్రంతో ఒక వడపోత వేస్తే మిగిలేవి ఐదారు కమతాలే.

ఫోన్ పొరపాటు ఎంత

ఆండ్రాయిడ్ "ఆక్యురసీ 5 మీటర్లు" అంటే, అసలు స్థానం ఆ 5 మీటర్ల వలయంలో ఉండే అవకాశం 68 శాతం అని. మూడింట ఒకసారి స్థానం వలయం బయటే ఉంటుంది. ఈ ఒక్క సంగతి తెలియక "5 మీటర్లు చూపిస్తోంది కాబట్టి 5 మీటర్ల వదులు చాలు" అని, అంటే హద్దు బయట 5 మీటర్ల దాకా ఒప్పుకుంటే చాలని, యాప్ కట్టేస్తారు.

లెక్క చూద్దాం. వలయం 5 మీటర్లు అంటే ఒక్కో దిశలో ప్రామాణిక విచలనం (చుక్కలు ఎంత చెదురుతాయో చెప్పే కొలత) సుమారు 3.3 మీటర్లు. మనిషి సరిగ్గా గట్టు మీద ఉన్నాడు, నక్షా కూడా సరిగ్గా ఉంది అనుకుందాం. వదులు ఏమీ ఇవ్వకపోతే చుక్క పక్క కమతంలో పడే అవకాశం 50 శాతం. 5 మీటర్ల వదులు ఇస్తే తిరస్కరణ ఆరేడు శాతానికి తగ్గుతుంది, 8 మీటర్లు ఇస్తే ఒక శాతం లోపు, 10 మీటర్లు ఇస్తే వెయ్యికి ఒకటో రెండో.

అలాగని వదులు పెంచుకుంటూ పోలేం. 10 సెంట్ల చదరపు మడి భుజం 20 మీటర్లు. చుట్టూ 10 మీటర్ల వదులు వేస్తే కంచె లోపలి వైశాల్యం అసలు మడికి దాదాపు నాలుగు రెట్లు అవుతుంది. పక్క రైతు మడి మధ్యలో నిలబడ్డా యాప్ ఒప్పుకుంటుంది. అదే ఎకరం కమతానికి 1.7 రెట్లే. అందరికీ ఒకే వదులు, ఒకే "అవును, కాదు" పెట్టడంలో ఉన్న చిక్కు ఇదే. దీనికి విరుగుడు చుక్క ఒక్కదాని మీదే ఆధారపడకపోవడం; ఆ సంగతి కాసేపట్లో వస్తుంది.

చుక్కను తీసుకునే తీరులో జరిగే పొరపాట్లు ఇంకో రకం. ఆండ్రాయిడ్‌లో చివరిసారి తెలిసిన స్థానాన్ని అడిగే పిలుపు (ఫంక్షన్ కాల్) ఉంది. అది వెంటనే జవాబిస్తుంది, కానీ ఆ జవాబు పది నిమిషాల కిందటిది, అవతలి పొలానిది కావచ్చు. ప్రతి చుక్కకూ వయసు చూడాలి. ఆ వయసును గడియారం టైముతో కాకుండా ఫోన్ ఆన్ అయినప్పటి నుంచి నడిచే కౌంటర్‌తో కొలవాలి, ఎందుకంటే గడియారాన్ని ఎవరైనా మార్చగలరు. 5 సెకన్ల కన్నా పాతదైతే వదిలేయాలి. సిగ్నల్ సరిగా లేని ఊళ్లో మొదట వచ్చే స్థానం సెల్ టవర్‌ను బట్టి వచ్చేది, దాని వలయం వందల మీటర్లు ఉంటుంది. దాన్ని తెర మీద చూపించడమే వద్దు. డేటా లేని చోట ఫోన్ తన స్థానం కనుక్కోవడానికి ఉపగ్రహాల నుంచే కక్ష్య వివరాలు దించుకోవాలి. అది సెకనుకు 50 బిట్ల వేగంతో వచ్చే సందేశం, ఆకాశం బాగా కనిపిస్తున్నా అర నిమిషం దాకా పడుతుంది. మొదటి పొలంలో "ఆగండి, ఉపగ్రహాలు దొరుకుతున్నాయి" అని ఒక లెక్కతో సహా చూపిస్తే మనిషి ఆగుతాడు. ఖాళీ చక్రం తిప్పుతూ కూర్చుంటే యాప్ మూసి మళ్లీ తెరుస్తాడు, మొదటికొస్తుంది.

సెకనుకొకటి చొప్పున 30 చుక్కలు తీసి సగటు వేస్తే పొరపాటు బాగా తగ్గుతుందనుకోవడం కూడా సరి కాదు. ఒకే చోట, ఒకే నిమిషంలో తీసిన చుక్కల పొరపాట్లు ఒకదాన్నొకటి పోలి ఉంటాయి. వాతావరణ పొరల వల్ల వచ్చే జాప్యం, చెట్టు నుంచో గోడ నుంచో తిరిగొచ్చే సిగ్నల్ ఆ నిమిషంలో మారవు. చివరి ఐదు చుక్కల మధ్యస్థం తీసుకుంటే విడిగా ఎగిరిపడే చుక్క పోతుంది. అంతకు మించి సగటు మీద ఆశ పెట్టుకోకూడదు.

మబ్బు పట్టిందని జీపీఎస్ తప్పడం లేదు. ఈ తరంగాలకు మబ్బు, వాన దాదాపు అడ్డే కాదు. వాన వస్తే మనిషి చెట్టు కిందకో, షెడ్డు కిందకో వెళ్లి నిలబడతాడు. పొరపాటు అక్కడ మొదలవుతుంది.

అసలు చిక్కు నక్షాలో

మద్రాసు ప్రెసిడెన్సీ కింద ఉన్న జిల్లాల్లో ప్రతి సర్వే నంబరుకూ ఒక ఎఫ్‌ఎంబీ (ఫీల్డ్ మెజర్‌మెంట్ బుక్) స్కెచ్ ఉంటుంది, తెలంగాణలో ఆ స్థానంలో టిప్పన్. గొలుసుతో కొలిచిన కొలతలవి: గొలుసు 66 అడుగులు, అందులో 100 లింకులు, 10 చదరపు గొలుసులు ఒక ఎకరం. ఎఫ్‌ఎంబీలో పొలం ఆకారం, కొలతలు ఉంటాయి. ఆ పొలం భూమి మీద ఏ అక్షాంశం, ఏ రేఖాంశం దగ్గర ఉందో ఉండదు. ప్రతి స్కెచ్ విడి దీవి. వాటిని కంప్యూటర్‌లో ఒకదాని పక్కన ఒకటి పేర్చుకుంటూ పోతే ఒక చోట సందు మిగులుతుంది, ఇంకో చోట రెండు పొలాలు ఒకదాని మీదికి ఒకటి ఎక్కుతాయి. గ్రామ నక్షాను నేరుగా స్కాన్ చేసి గీతల మీద గీతలు గీసుకుందామంటే, 1:5000 స్కేలులో అర మిల్లీమీటరు మందం గీత నేల మీద రెండున్నర మీటర్లు. గట్టు వెడల్పు కన్నా గీత వెడల్పే ఎక్కువ.

ఆ నక్షాను భూమి మీద కూర్చోబెట్టే పని జియోరిఫరెన్సింగ్. క్యూజీఐఎస్ అనే ఉచిత నక్షా సాఫ్ట్‌వేర్‌లో ఇది అరగంట పనిలా కనిపిస్తుంది, అక్కడే మోసపోతారు. కంట్రోల్ పాయింట్లుగా, అంటే నక్షాలోనూ నేల మీదా గుర్తుపట్టగల చోట్లుగా, ఏవి తీసుకుంటామన్నదే ముఖ్యం. మూడు గ్రామాల హద్దులు కలిసే ట్రైజంక్షన్ రాయి మొదటి ఎంపిక. తర్వాత పాత కల్వర్టు, డొంకలు కలిసే చోటు, చెరువు కట్ట మలుపు. కాలువ అంచు వద్దు, పూడిక తీసినప్పుడల్లా జరుగుతుంది. వెడల్పు చేసిన రోడ్డు అంచూ వద్దు. లెక్క ప్రకారం మూడు పాయింట్లు చాలినా, గ్రామం నాలుగు మూలలూ మధ్యా పరుచుకునేలా కనీసం ఎనిమిది తీసుకోవాలి. వాటిలో పెట్టకుండా ఇంకో మూడు పక్కన ఉంచాలి, చివర్లో సరిచూసుకోవడానికి. రోవర్ (సర్వేకు వాడే కచ్చితమైన జీపీఎస్ పరికరం) అందుబాటులో ఉండి, కార్స్ (స్థిరంగా నెలకొల్పిన జీపీఎస్ కేంద్రాల) నెట్‌వర్క్ సవరణలు మొబైల్ డేటా మీద అందితే ఈ పాయింట్లు కొన్ని సెంటీమీటర్ల కచ్చితత్వంతో వస్తాయి.

నక్షాను సాగదీసే పద్ధతి దగ్గర ఇంకో ఉచ్చు. నక్షాను రబ్బరు షీటులా వంచే థిన్ ప్లేట్ స్ప్లైన్ పద్ధతి వాడితే కంట్రోల్ పాయింట్ల దగ్గర పొరపాటు సున్నా అని చూపిస్తుంది. అది నక్షా బాగుందని కాదు, ఆ పాయింట్ల దగ్గర నక్షాను బలవంతంగా లాగి అతికించిందని అర్థం. మధ్యలో పొలాలు ఎలా వంకర పోయాయో ఆ సున్నా చెప్పదు. కాగితం నక్షాకు నిలువు, అడ్డం కొలతలను విడివిడిగా సర్దే అఫైన్ పద్ధతి తగినది, ఎందుకంటే పాత కాగితం నిలువునా, అడ్డంగా ఒకేలా కుంచించుకుపోదు. ఎఫ్‌ఎంబీ కొలతల నుంచి కట్టిన నక్షాకు ఆకారం చెడగొట్టని హెల్మర్ట్ పద్ధతి మేలు. ఏది వాడినా పక్కన ఉంచిన ఆ మూడు పాయింట్ల దగ్గర వచ్చిన తేడానే నిజమైన మార్కు.

పాత టోపో షీట్ల నుంచి పాయింట్లు తీసుకునేవాళ్లు ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. అవి ఎవరెస్ట్ గోళాభం (భూమి ఆకారానికి వాడే ఒక లెక్క నమూనా) మీద గీసినవి, జీపీఎస్ వాడేది డబ్ల్యూజీఎస్ 84 అనే వేరే నమూనా. మార్చకుండా వాడితే మన ప్రాంతంలో తేడా వంద మీటర్లకు పైనే ఉంటుంది. మీటర్లలో లెక్కకట్టడానికి యూటీఎం (భూమిని జోన్లుగా విడదీసి స్థానాన్ని మీటర్లలో చెప్పే పద్ధతి) జోన్ కూడా చూసుకోవాలి. రెండు తెలుగు రాష్ట్రాలూ 44వ జోనే అనుకుంటారు. ఆ జోన్ 78 డిగ్రీల నుంచి 84 డిగ్రీల తూర్పు రేఖాంశం వరకే. ఆదోని, అనంతపురం 43లో పడతాయి, పలాస, ఇచ్ఛాపురం 45లో. మహబూబ్‌నగర్ పట్టణం దాదాపు 78వ డిగ్రీ గీత మీదే ఉంది. గ్రామం రేఖాంశాన్ని చూసి జోన్‌ను యాప్ స్వయంగా ఎంచుకోవాలి, జిల్లా పేరు చూసి కాదు.

ఇప్పుడు రెండు పొరపాట్లనూ కలిపి చూడండి. 10 మీటర్ల వదులు ఉన్న యాప్, 5 మీటర్ల ఆక్యురసీ ఉన్న ఫోన్, గట్టు మీద మనిషి. నక్షా 6 మీటర్లు పక్కకు జరిగి ఉంటే, ఆ జరిగిన వైపు గట్టు మీద నిలబడ్డవాళ్లలో 11 శాతం తిరస్కరణ. 14 మీటర్లు జరిగితే 89 శాతం. ఫోన్ మారలేదు, మనిషి మారలేదు. ఖరీదైన ట్యాబ్ కొన్నా ఈ 89 తగ్గదు, ఇంకా పెరుగుతుంది. చుక్క ఎంత కచ్చితంగా పడితే తప్పు నక్షా అంత కచ్చితంగా తోసేస్తుంది.

ఎవరి తప్పో కనిపెట్టడం

మంచి కబురేమిటంటే ఈ రెండు పొరపాట్ల నడక వేరు. ఫోన్ పొరపాటు ఒకసారి తూర్పుకు, ఒకసారి పడమరకు చెదురుతుంది. నక్షా పొరపాటు ఆ షీటులోని పొలాలన్నింటినీ ఒకే దిక్కుకు జరుపుతుంది. కాబట్టి సీజన్ మొదలవడానికి ముందే ప్రతి గ్రామంలో ఒక చిన్న పని చేయించాలి. నక్షాలో స్పష్టంగా ఉండి నేల మీదా దొరికే ఐదు చోట్లు ఎంచి, నమోదు చేసేవాళ్లు వాళ్ల వాళ్ల ఫోన్లతోనే ఒక్కో చోట నిలబడి చుక్క తీయాలి. ముగ్గురు మనుషులు, రెండు రోజులు, ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి: ఒక్కో చోటికి 12, మొత్తం 60 చుక్కలు.

నక్షాలోని చోటు నుంచి ప్రతి చుక్కకూ ఒక బాణం గీయండి. బాణాలు అన్ని దిక్కులకూ చెదిరితే నక్షా బాగుంది. అన్నీ ఈశాన్యానికే చూస్తుంటే నక్షా నైరుతికి జరిగి కూర్చుంది. వేరు వేరు రోజులు, వేరు వేరు ఫోన్లు కాబట్టి ఇక్కడ సగటు పనిచేస్తుంది: 60 చుక్కలతో సగటు బాణం పొడవు మీటరు లోపు తేడాతో తెలుస్తుంది. చవక ఫోన్లే ఊరి నక్షాను సరిచూసే పనిముట్లవుతాయి. ఉత్తరం వైపు బాణాలు ఒక తీరుగా, దక్షిణం వైపు ఇంకో తీరుగా ఉంటే రెండు షీట్లు వేర్వేరుగా జరిగాయని అర్థం. షీటు షీటుకూ విడిగా సవరించాలి.

ఈ పనికి సీజన్‌లో వచ్చిన తిరస్కరణల చుక్కలు వాడకూడదు. పొలానికి మనుషులు ఎప్పుడూ డొంక వైపు నుంచే వస్తారు, అక్కడే ఆగుతారు. ఆ చుక్కల బాణాలన్నీ డొంక వైపే చూస్తాయి, నక్షా జరగకపోయినా జరిగినట్టు కనిపిస్తుంది.

సవరణ చేసేది యాప్‌లో వాడే ప్రతికి మాత్రమే. రెవెన్యూ నక్షా జోలికి పోకూడదు, దాన్ని మార్చే అధికారం, పద్ధతి వేరు. ఎంత జరిపాం, ఏ దిక్కుకు, ఏ తేదీన అన్నది ప్రతి షీటుకూ రాసి ఉంచాలి.

నిర్ణయం ఎలా తీసుకోవాలి

నక్షా కుదిరాక కంచె. రైతు పేరు, సర్వే నంబరు కలిపి దగ్గరున్న కమతాల జాబితా ముందు చూపాలి. ఊళ్లో తిరిగే మనిషికి పేరు చూస్తే పొలం గుర్తొస్తుంది, నంబరు చూస్తే గుర్తురాదు. కమతం ఎంచుకున్నాక ఆక్యురసీ 10 మీటర్ల లోపుకు వచ్చేదాకా యాప్ ఆగుతుంది, 40 సెకన్లకు మించి ఆగదు. తర్వాత చుక్కకూ హద్దుకూ మధ్య దూరాన్ని బట్టి నాలుగు దారులు. చుక్క లోపల పడితే నేరుగా నమోదు. బయట 10 మీటర్ల దాకా అయితే దాన్ని "గట్టు" అంటాం; నమోదు అవుతుంది, కానీ ఫొటో తీసిన దిక్కు కూడా సరిపోవాలి. 10 నుంచి 30 మీటర్ల దాకా అయితే కారణం ఎంచుకుని నమోదు చేయొచ్చు, ప్రతి ఒక్కటీ పై అధికారి చూడాలి. 30 దాటితే నమోదు కాదు, అయినా ఆ ప్రయత్నం రికార్డులో ఉంటుంది. 15 సెంట్ల లోపు మడులన్నీ, చుక్క లోపల పడినా సరే, గట్టు దారిలోనే వెళ్లాలి. అంత చిన్న మడిలో "లోపల" అన్న మాటకు పెద్ద బలం లేదు.

గట్టు దారిలో మనల్ని ఆదుకునేది దిక్సూచి. చుక్క ఏ వైపు పడిందో తేలకపోయినా, ఫొటో ఏ వైపు చూసి తీశారో ఫోన్‌కు తెలుసు. గట్టు మీద నిలబడి ఇటు చూడటానికీ అటు చూడటానికీ 180 డిగ్రీల తేడా. ఫోన్ దిక్సూచి 20 డిగ్రీలు తప్పినా ఈ ప్రశ్నకు జవాబు మారదు. అయస్కాంత ఉత్తరానికీ అసలు ఉత్తరానికీ మన దగ్గర ఉన్న తేడా రెండు డిగ్రీల లోపే, దాన్ని వదిలేయొచ్చు. చుక్క నుంచి ఫొటో దిక్కుకు అటూ ఇటూ 30 డిగ్రీల విసనకర్ర గీసి, 40 మీటర్ల లోపు అది ఎంచుకున్న కమతాన్ని తాకితే చాలు.

దీన్ని రాసేటప్పుడు దాదాపు ప్రతి ప్రోగ్రామరూ ఒకసారి పడే గుంట ఒకటుంది. ఆండ్రాయిడ్ ఇచ్చే దిక్కు, ఫోన్‌ను బల్ల మీద పడుకోబెట్టినప్పుడు పై అంచు చూసే దిక్కు. ఫొటోకు ఫోన్‌ను నిలువుగా పట్టుకుంటే పై అంచు ఆకాశాన్ని చూస్తుంది, దిక్కు అంకె గిరగిరా తిరుగుతుంది. ఫోన్ ఎటు తిరిగి ఉందో చెప్పే రొటేషన్ వెక్టర్ తీసుకున్నాక, కెమెరా చూసే దిక్కు వచ్చేలా అక్షాలను మార్చే రీమ్యాప్ పిలుపు తప్పక వాడాలి. పరీక్షించడం తేలిక: ఉదయం సూర్యుడి వైపు ఫోన్ నిలువుగా పట్టుకుని ఫొటో తీయండి, 90 చుట్టుపక్కల అంకె రావాలి. అయస్కాంతం మూత ఉన్న ఫోన్ కవరు, ఆనుకుని నిలబడ్డ మోటార్‌సైకిల్, ఈ రెండూ దిక్సూచిని తప్పు పట్టిస్తాయి. కవరు తీసేయమని, బండికి మూడు మీటర్లు ఎడంగా నిలబడమని శిక్షణలో మొదటి రోజే చెప్పాలి.

చెట్ల కింద కథ వేరు. కొబ్బరి, మామిడి, పామాయిల్ తోటల్లో ఆకులు సిగ్నల్‌ను తగ్గిస్తాయి, మానులు తిప్పి కొడతాయి; ఆక్యురసీ 10 మీటర్లకు దిగి రాకపోవచ్చు. తోట లోపల కుస్తీ పట్టే బదులు తోట అంచున, ఆకాశం కనిపించే చోట నిలబడి, తోట వైపు ఫొటో తీసే గట్టు దారే మేలు. రెండు పౌనఃపున్యాలు అందుకునే ఫోన్లు, 2018లో షావోమీ ఎంఐ 8తో మొదలైనవి, ఇలాంటి చోట కొంత మెరుగు, ఎందుకంటే పాత ఎల్1కు తోడు వచ్చిన రెండో పౌనఃపున్యం ఎల్5 సిగ్నల్‌తో తిరిగొచ్చిన తరంగాన్ని అసలు తరంగం నుంచి వేరు చేయడం సులువు. మన దేశ సొంత ఉపగ్రహ స్థాన వ్యవస్థ నావిక్ మొదటి నుంచీ ఎల్5లో ఉంది. 2023 మే 29న శ్రీహరికోట నుంచి వెళ్లిన ఎన్‌వీఎస్-01 ఉపగ్రహంతో ఎల్1 కూడా తోడైంది. ట్యాబ్‌లు కొనే టెండరులో "జీపీఎస్ ఉండాలి" అని రాసి ఊరుకోకుండా "ఎల్1, ఎల్5 రెండూ, నావిక్‌తో సహా" అని రాయించడం ఒక్క వాక్యం పని.

సిగ్నల్ లేని ఊరికి ఏం తీసుకెళ్లాలి

హద్దుల డేటా చాలా చిన్నది. ఒక్కో కమతానికి సగటున ఎనిమిది మూలలనుకుంటే, కోఆర్డినేట్లను కోటితో గుణించి 32 బిట్ల పూర్ణాంకాలుగా దాస్తే, 1,500 కమతాలూ 100 కిలోబైట్లలో సరిపోతాయి, కచ్చితత్వం సెంటీమీటరు. అదే 32 బిట్ల దశాంశ సంఖ్యగా దాస్తే 80 డిగ్రీల రేఖాంశం దగ్గర ఒక్కో మెట్టు 80 సెంటీమీటర్లు. హద్దులు మెట్లు మెట్లుగా కనిపిస్తే ముందు చూడాల్సింది ఇదే.

బరువంతా వెనక కనిపించే ఉపగ్రహ లేదా డ్రోన్ చిత్రానిది. 18వ జూమ్‌లో మన అక్షాంశాల దగ్గర ఒక పిక్సెల్ 57 సెంటీమీటర్లు, ఒక టైల్ (చిత్రాన్ని కోసిన చదరపు ముక్క) 147 మీటర్లు. 10 చదరపు కిలోమీటర్లకు 460 టైళ్లు, కింది జూమ్‌లతో కలిపి 10 మెగాబైట్ల చుట్టుపక్కల. 19వ జూమ్‌కు వెళ్తే టైళ్లు నాలుగింతలు. గట్టు గుర్తుపట్టడానికి 18 చాలు. ఈ టైళ్లను ఎవరి సర్వర్ నుంచి పడితే వారి సర్వర్ నుంచి మూకుమ్మడిగా దించుకోకూడదు. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ పబ్లిక్ టైల్ సర్వర్ నిబంధనలు దాన్ని నేరుగా నిషేధిస్తాయి. అనుమతి ఉన్న చిత్రం నుంచి మన టైళ్లు మనమే కోసుకోవాలి.

హద్దుల ఫైలు తేలిక చేయడానికి మూలలు తగ్గించేటప్పుడు ఒక్కో కమతాన్ని విడిగా తగ్గిస్తే, ఇద్దరికీ ఉమ్మడి అయిన గట్టు ఇటు ఒకలా, అటు ఒకలా వస్తుంది. మధ్యలో సన్నని సందు పడి, సరిగ్గా గట్టు మీద నిలబడ్డ మనిషి ఏ కమతంలోనూ లేనివాడవుతాడు. ఉమ్మడి గీతను ఒకటిగానే ఉంచి తగ్గించే మ్యాప్‌షేపర్ లాంటి పనిముట్టు వాడాలి.

వైశాల్యం లెక్కలో పెద్ద తప్పు వెబ్ మెర్కేటర్‌లో (ఆన్‌లైన్ మ్యాపులు వాడే, భూమిని చదునుగా పరిచే పద్ధతిలో) కొలవడం. తెర మీద నక్షా దాంట్లోనే ఉంటుంది కాబట్టి అదే వాడేస్తారు. విజయవాడ దగ్గర అది వైశాల్యాన్ని దాదాపు 9 శాతం ఎక్కువ చూపిస్తుంది, హైదరాబాద్ దగ్గర దాదాపు 10 శాతం. అడంగల్‌లో ఎకరం, యాప్‌లో ఎకరం తొమ్మిది సెంట్లు అని కనబడితే రైతుకు ఏం చెబుతాం? యూటీఎంలో కొలిస్తే తేడా ఎకరానికి మూడు నాలుగు చదరపు మీటర్లే. ఇక పొలాలన్నీ ఒక్కసారిగా మాయమైపోతే అక్షాంశం, రేఖాంశం తారుమారయ్యాయేమో చూడండి: హద్దులు దాచే జియోజేసన్ ఫైల్లో రేఖాంశం ముందు, ఆండ్రాయిడ్‌లో అక్షాంశం ముందు. తారుమారైతే మన గ్రామం ఉత్తర ధ్రువం దగ్గరి స్వాల్‌బార్డ్ ప్రాంతంలో తేలుతుంది.

దొంగ చుక్కలు, తెర మీద తగాదాలు

నకిలీ లొకేషన్ యాప్‌లను ఆండ్రాయిడ్ చుక్కతో పాటు ఇచ్చే మాక్ (నకిలీ) గుర్తు కొంతవరకు పట్టిస్తుంది. రూట్ చేసిన, అంటే ఆండ్రాయిడ్ రక్షణ తాళాలు తీసేసిన, ఫోన్‌లో అది చాలదు. అసలు చుక్క ఎప్పుడూ కాస్త కదులుతుంది. 30 సెకన్ల పాటు ఏడో దశాంశం కూడా మారకపోతే, ఆక్యురసీ ఒకే అంకె దగ్గర బిగుసుకుపోతే, ఉపగ్రహాల జాబితా ఖాళీగా ఉంటే అనుమానించాలి. ఫొటో మీద ముద్రించిన అక్షాంశ రేఖాంశాలు రుజువు కావు, ఎవరైనా ముద్రించగలరు. ఫొటో హ్యాష్ (ఫొటో మారిస్తే మారిపోయే వేలిముద్ర లాంటి అంకె), ముడి చుక్కలు, దిక్కు, టైము కలిపి డేటాబేస్‌లోకి వెళ్లాలి. ఒక సంగతి మర్చిపోవద్దు: సరైన పొలం దగ్గర నిలబడ్డ మనిషిని యాప్ పదేపదే తోసేస్తేనే నకిలీ యాప్ అవసరం పడుతుంది. నక్షా సవరించిన తర్వాత కూడా ఒక గ్రామంలో దొంగ చుక్కలు వస్తుంటే అప్పుడు మనిషిని అడగాలి, అంతకుముందు కాదు.

నమోదు చేసేవాళ్ల కదలికలను రోజంతా పట్టుకోవాల్సిన పనీ లేదు. నమోదు తెర తెరిచి ఉన్నప్పుడు మాత్రమే లొకేషన్ నడిస్తే బ్యాటరీ మిగులుతుంది, 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం దృష్టిలోనూ అవసరమైనంతే తీసుకున్నట్టవుతుంది.

నీలం చుక్క, హద్దు గీత ఒకే తెర మీద కనిపించగానే పక్కనున్న రైతు అడిగే మొదటి ప్రశ్న "నా గట్టు ఆయన పొలంలో ఉందేంటి?" అని. సన్నని గీత లేని కచ్చితత్వాన్ని చూపిస్తుంది, ఊళ్లో లేని తగాదాను పెడుతుంది. హద్దును సన్న గీతగా కాకుండా, నేల మీద 8 నుంచి 10 మీటర్ల వెడల్పు ఉండే పలుచని పట్టీగా గీయాలి. 18 దాటి జూమ్ చేయనివ్వకూడదు. "ఇది పంట నమోదుకు మాత్రమే, హద్దు నిర్ణయానికి కాదు" అన్న వాక్యం తెర అడుగున ఎప్పుడూ ఉండాలి.

కాగితం మీద ఒకటే సబ్‌డివిజన్, నేల మీద అన్నదమ్ములు నలుగురూ పంచుకుని వేసిన నాలుగు పంటలు, ఇది ఏ గ్రామంలోనైనా ఉండేదే. ఇక్కడ జియోఫెన్స్ చేయగలిగింది లేదు. ఒకే హద్దులో నలుగురి పేర్లూ, పంటలూ, సెంట్లూ విడివిడిగా రాసుకోనివ్వాలి, మొత్తం కమతం విస్తీర్ణాన్ని మించకుండా చూడాలి. ఆ నలుగురినీ నాలుగు ఫొటోలతో, నాలుగు దిక్కులతో నమోదు చేయడానికి గట్టు దారి సరిపోతుంది.

చివరిగా నక్షా వెర్షన్. ఆంధ్రప్రదేశ్‌లో 2020 డిసెంబరు 21న తక్కెళ్లపాడులో రీసర్వే మొదలైంది. డ్రోన్లతో, కార్స్ ఆధారిత రోవర్లతో కొలిచిన గ్రామాల్లో పాత సర్వే నంబర్ల స్థానంలో ఎల్‌పీఎం (ల్యాండ్ పార్శిల్ మ్యాప్) నంబర్లు వచ్చాయి. అక్కడ నక్షా కోఆర్డినేట్లతోనే పుడుతుంది, బాణాల పరీక్షలో సగటు దాదాపు సున్నా రావాలి. రాకపోతే డేటా మార్చేటప్పుడు మన దగ్గరే ఎక్కడో తప్పు జరిగింది. పక్క గ్రామం ఇంకా ఎఫ్‌ఎంబీ మీదే ఉండొచ్చు, గ్రామ సరిహద్దు దగ్గర ఒకే పొలం రెండు నక్షాల్లోనూ కనిపించొచ్చు. ప్రతి నమోదులో ఆనాటి నక్షా వెర్షన్, షీటు సవరణ, ముడి చుక్క మూడూ ఉంచితే, వచ్చే సార్వాకు నక్షా మారినప్పుడు పాత నమోదులన్నింటినీ కొత్త హద్దుల మీద మళ్లీ వేసి చూసుకోవచ్చు. కమతం నంబరు ఒక్కటే దాచి ముడి చుక్కను పారేస్తే ఆ వీలుండదు.